ఎనభై ఎడమ చేతులు

"మా ఆవిడ కూడా కాస్త చేతిసాయం చేస్తుందిలెండి" అంటారు మా ఆయన, తన బట్టల కోతను ఎవరైనా మెచ్చుకున్నప్పుడల్లా. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో ఎంత పెద్ద మనసు కనిపిస్తుందంటే, విన్నవాళ్ళు నా వైపు తిరిగి 'అదృష్టవంతురాలివమ్మా' అన్నట్టు చూస్తారు. నేను నవ్వుతాను. పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని నవ్వడం నాకు ఎప్పుడో అలవాటైపోయింది.

ఆ చేతిసాయం ఎలా ఉంటుందో చెబుతాను. తెల్లవారుజామున, కుళాయికి నీళ్ళు రాకముందే లేస్తాను. ముందుగది ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, నేల ఆరేదాకా ఆగుతాను. ముందురోజు ఆయన కుట్టు కార్ఖానా నుంచి తెచ్చిన మూట విప్పి, గుడ్డను నేలమీద మడతపెట్టి పరుస్తాను. ఆయన ఒక కాగితం మీద కొలతలు గీకి ఉంచుతారు. వాటిని చూసి సుద్దతో గీసి, మోకాళ్ళ మీద పాకుతూ కోస్తాను. మధ్యలో నీళ్ళు వస్తే లేచి బిందెలు పెట్టి వస్తాను, పాలు పొంగితే లేచి దించి వస్తాను, పాప నిద్రలో కలవరిస్తే ఉండు నాన్నా అని ఇక్కడినుంచే అంటాను. ఆయన లేచి ముఖం కడుక్కుని వచ్చేసరికి ముందు ముక్కలు, వెనక ముక్కలు, చేతులు, కాలర్లు దేనికది కట్టగట్టి గుమ్మం పక్కన ఉంటాయి. ఆయన టీ తాగుతూ పైకట్టను వేలితో ఒకసారి సవరించి "బాగానే వచ్చింది" అంటారు. ఆ మూట ఆయన భుజానికి ఎక్కుతుంది, పాపను బడిలో దింపి నేను వెనకాల నడుస్తాను. ఇద్దరం వెళ్ళేది ఒకే కార్ఖానాకి. ఆయన కొలతలు తీసే మూలకు, నేను కిటికీ కింది చాప మీదికి.

కార్ఖానాలో కోసేవాడిని మాస్టర్ అంటారు. మిషన్ మీద కుట్టేవాడిని టైలర్ అంటారు. కాజాలు తీసి, గుండీలు కుట్టి, అంచులు మడిచి, దారప్పోగులు కత్తిరించే మమ్మల్ని మాత్రం ఏమీ అనరు. 'చేతిపని వాళ్ళు ఎక్కడమ్మా' అని పిలుస్తారు, అంతే. మాస్టర్లకూ టైలర్లకూ రిజిస్టర్లో పేర్లుంటాయి, నెల జీతం ఉంటుంది, జ్వరమొస్తే సెలవు ఉంటుంది. మాకు ముక్కకింత. మా పనిని గోడమీద బొగ్గుతో గీతలు గీసి లెక్కపెడతారు, వారానికోసారి తడిగుడ్డతో తుడిచేస్తారు. మా వరసలో మొదట కూర్చునే గుండీలక్క ఇరవై ఆరేళ్ళుగా గుండీలు కుడుతోంది. "నేను పోయాక నా సమాధి మీద కూడా పేరు రాయరే, నాలుగు గీతలు గీసి అడ్డంగా ఒకటి కొడతారు" అని తనే నవ్వి అందరినీ నవ్విస్తుంది.

చేరిన కొత్తలో ఒకసారి కార్ఖానా యజమానిని అడిగాను. ఆయన్ని అందరం పెద్దాయన అంటాం. కటింగ్ కూడా వచ్చండీ నాకు, చూపించమంటారా, అని. ఆయన కసురుకోలేదు. కసురుకున్నా బాగుండేదేమో. నవ్వి, "ఆ కత్తెర బరువు నీకు తెలీదమ్మా, సాయంత్రానికి చెయ్యి పడిపోతుంది" అన్నారు. ఆ ఉదయమే నేను తొమ్మిది బిందెలు మూడో అంతస్తుకు మోసి వచ్చాను. ఆడవాళ్ళకు ఏవి బరువో నిర్ణయించేవాళ్ళు ఎప్పుడూ ఏమీ ఎత్తినవాళ్ళు కాదనిపిస్తుంది.

కత్తెర బరువు నాకు తెలుసు. ఎనిమిదేళ్ళ వయసు నుంచి తెలుసు. మా నాన్న కటింగ్ మాస్టర్. ఈ నగరంలోనే, నది అవతల బజారులో, ఇంకో మతం వాళ్ళు ఉండే వీధుల్లో ఆయన కొట్టు. పాత వార్తాపత్రికలు పరిచి నాకు కోత నేర్పారు. గుడ్డ ఇష్టంగా తెగేటప్పుడు ఒక చప్పుడు వస్తుందనీ, ఏడుస్తూ తెగేటప్పుడు ఇంకో చప్పుడు వస్తుందనీ, కళ్ళు మూసుకుని వినమనీ చెప్పేవారు. చంకకోత దగ్గర నా చెయ్యి పట్టుకుని తిప్పేవారు. "ముందువైపు లోతు, వెనకవైపు వదులు. మనిషి చేతులు ముందుకే కదా చాస్తాడు, బుల్లి మాస్టర్!" అనేవారు. నన్ను మాస్టర్ అని పిలిచిన మనిషి లోకంలో ఆయనొక్కరే. అయితే నాన్న కూడా తక్కువవారేం కాదు. కొట్లోకి ఎవరైనా బేరం వస్తే "నువ్వు లోపలికెళ్ళమ్మా" అనేవారు. నేను తెర వెనక కోసేదాన్ని, ముందు ఆయన పేరు మోగేది. అప్పుడు నాకు అది అన్యాయంగా తోచలేదు. నాన్న పేరు నా పేరు కాదనే ఆలోచనే ఉండేది కాదు.

ఆ తెర సందులోంచే మా ఆయన నన్ను చూశారు. నది ఇవతల నుంచి ఒక చొక్కా కోతలో అనుమానం అడగడానికి వచ్చి, నా చేతులు చూశారట. ముఖం తర్వాత చూశానంటారు ఇప్పటికీ. "నీ చేతులు చూసే నిన్ను చేసుకున్నా" అని పెళ్ళయిన కొత్తలో అంటుంటే ఒళ్ళు పులకరించేది. ఆ మాటలో ఎంత నిజం ఉందో అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆయన చెడ్డవారు కాదు. ఇది కూడా చెప్పాలి, లేకపోతే మీరు తేలిగ్గా ఒక విలన్ని చేసుకుని నిశ్చింతగా ఉంటారు. కొలతలు తీయడంలో ఆయనకు ఆయనే సాటి. పొట్ట ఉన్న పెద్దమనిషితో పొట్ట లేనట్టు మాట్లాడుతూనే పొట్ట కొలత తీసేస్తారు. మాటకారి, సరదా మనిషి, నా మీద చెయ్యెత్తిన పాపాన పోలేదు. ఆయనకు కోత రాదు, అంతే. మొదట్లో ఒకటి రెండు చెడగొట్టి నా దగ్గరికి తెచ్చారు, నేను సరిచేశాను. తర్వాత చెడగొట్టడం మానేసి నేరుగా నా దగ్గరికే తెచ్చారు. "ఇంట్లో అయితే ప్రశాంతంగా కోసుకుంటానండీ" అని కార్ఖానాలో చెప్పి మూట తెచ్చుకోవడం అలా మొదలైంది. నదికి ఇవతల ఆయన కోతకు పేరొచ్చింది. పన్నెండేళ్ళు.

పెళ్ళికి నేను మతం మారాను. పేరు మార్చుకున్నాను. అది అప్పుడు నాకు పెద్ద త్యాగంగా అనిపించలేదు, ప్రేమలో ఉన్నవాళ్ళకు ఏదీ అనిపించదు. మా అత్తయ్య మాత్రం మొదటిరోజే తలుపు దగ్గరగా వేసి చెప్పింది. "పుట్టింటి ఊసు బయట ఎత్తకు. అబ్బాయి పని పోతుంది. దూరపు చుట్టాల పిల్లవని చెప్పాం." ఎవరికి ఎంత దూరమో ఎవరూ అడగలేదు. కార్ఖానా సంపాదనలో సగం పైగా ఇక్కడి ప్రార్థన మందిరం ఇచ్చే పనే. ఆ బట్టలకు గుండీ కుట్టే చెయ్యి కూడా తమ మతానిదే అయ్యుండాలని వాళ్ళ నియమం. అందుకే కార్ఖానాలో అందరూ 'మనవాళ్ళే'. నేను కూడా.

ఒక సంవత్సరం ఈ మతం వాళ్ళ సంఘం ఆడవాళ్ళకు కుట్టుమిషన్లు ఇస్తోందని తెలిసి, ఆశగా వెళ్ళి వరసలో నిలబడ్డాను. పుట్టింటి మతం చూపించే కాగితం అడిగారు. అత్తయ్య నన్ను మోచేయి పట్టుకుని వరసలోంచి ఇవతలకు లాగింది. గుట్టు రట్టు చేసుకుంటామా, అంది. ఆరునెలల తర్వాత నది అవతల మా వాళ్ళ సంఘం కూడా అలాగే ఇస్తోందని విని, ఎవరికీ చెప్పకుండా అక్కడికీ వెళ్ళాను. కిటికీ వెనక ఉన్న ఆవిడ మంచిదే, మంచినీళ్ళు కూడా ఇచ్చింది. "నువ్వు వెళ్ళిపోయినదానివి కదమ్మా" అంది. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అది నేనే. తిరిగి వస్తూ వంతెన మీద నిలబడి నవ్వుకున్నాను. ఇటు నీళ్ళూ అటు నీళ్ళూ ఒకటే నది. మిషన్ మాత్రం నాకు ఏ ఒడ్డునా లేదు.

నాన్న పోయిన సంగతి నాకు దారాల కొట్టు ఆయన చెప్పాడు. మంచి దారం కోసం అప్పుడప్పుడు నది దాటి వెళ్ళేదాన్ని. దారం ఒక్కటే కారణమని చెప్పను. నాన్న కొట్టు ఉన్న వీధి మలుపులో కాసేపు ఆగి, కత్తెర చప్పుడు వినిపిస్తుందేమో అని చూసి వచ్చేదాన్ని. పెళ్ళయ్యాక నాన్న నాతో మాట్లాడలేదు. నేను ఎదురుపడే ధైర్యం చేయలేదు. ఆరోజు దారాల ఆయన రీలు కాగితంలో చుడుతూ "మాస్టర్ గారు అలా హఠాత్తుగా... అయ్యో, నీకు తెలీదా? పన్నెండు రోజులైందమ్మా" అన్నాడు. చిల్లర తీసుకోవడం కూడా మరిచిపోయి వచ్చేశాను. ఇంటికొచ్చి వంటగదిలో కూలబడితే అత్తయ్య తలుపు మూసింది. "పక్కవాళ్ళు ఎవరు పోయారని అడిగితే ఏం చెప్పుకుంటాం? లే, కళ్ళు తుడుచుకో." మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నారు. పాపం, ఆయనా కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. తర్వాత మెల్లగా, "రేపటికి ఆరు చొక్కాలున్నాయి, చేయగలవా?" అన్నారు. చేశాను. ఆ ఆరు చొక్కాల గుడ్డ ఏ చప్పుడుతో తెగిందో నేను వినలేదు.

ఇదంతా జరిగి ఏడాదిన్నర. నాకు ఏం కావాలని ఎవరూ అడగరు గానీ, అడిగితే చెప్పడానికి జవాబు మాత్రం సిద్ధంగా ఉంది. నాకు బల్ల కావాలి. కార్ఖానా మధ్యలో, పైనుంచి వెలుతురు పడేచోట, పన్నెండడుగుల బల్ల. దాని ముందు నిటారుగా నిలబడి కోయాలి. మోకాళ్ళ మీద కాదు. చాప మీద కూర్చుని కాజాలు తీస్తూ నేను రోజుకు ఎన్నిసార్లు ఆ బల్లను చూస్తానో నాకే తెలీదు. వయసులో ఉన్నప్పుడు మగవాడి కోసం కూడా నేను అంతగా తలతిప్పి చూసి ఉండను. ఎవరైనా కొత్తవాడు గుడ్డను వంకరగా పరుస్తుంటే నా వేళ్ళు ఒళ్ళో వాటంతటవే కదిలేవి. గుండీలక్క మోచేత్తో పొడిచి, "ఏమే, ఎవరిమీద మనసు పారేసుకున్నావ్?" అనేది.

ఈ వేసవి మొదట్లో పాత పెద్ద మాస్టర్ చూపు ఆనక పని మానుకున్నాడు. ఆ బల్ల మా ఆయనకు వచ్చింది. పెద్దాయన అందరి ముందూ చెప్పి ఆయనకు ఎత్తు కుర్చీ వేయించారు. మిగతా సంగతి ఇంటికి వచ్చాక చెప్పారు. మందిరం నుంచి నలభై ప్రార్థన అంగీలు వచ్చాయి. అంగీ అంటే పాదాల దాకా వచ్చే పొడుగు చొక్కా, మందిరంలో ముందు వరసలో నిలబడేవాళ్ళు వేసుకుంటారు. గుడ్డ మందిరం వాళ్ళే ఇచ్చారు, ఖరీదైనది, ఒకవైపు మెరుపు, ఇంకోవైపు ఉత్తి మొద్దు. అది కార్ఖానా గుమ్మం దాటకూడదన్నారు. అక్కడే, ఆ బల్ల మీదే, అందరి ముందూ కోయాలి.

"ఏం చేద్దామే?" అన్నారు ఆయన. 'చేద్దాం' అన్నారు. ఆ నిమిషంలో నేను అనగలిగిన మాట ఒకటుంది. 'నన్ను కోయనివ్వమని చెప్పండి.' గొంతుదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి మింగేశాను. ఆదివారమంతా కూర్చుని ప్రతి ముక్కకూ అట్ట కోసి ఇచ్చాను. మెడ ఇది, వెనక ఇది, చేతులు ఇది, చుట్టూ గీసి కోసుకుంటూ పోవడమే, అన్నాను. ఆయన బడికెళ్ళే పిల్లాడిలా అట్టలను వరసగా సంచిలో పెట్టుకున్నారు.

ఒక్కటి చెప్పడం మరిచాను. మరవడం కూడా కాదు, చెప్పాలని తట్టనే లేదు. ఇంట్లో నేను గుడ్డను మడతపెట్టి కోస్తాను, మా గదిలో విప్పి పరిచే చోటు లేదు. మడతలో చేతుల అట్ట పెట్టి కోస్తే కింద ఒకటి పైన ఒకటి, ఒక కుడి ఒక ఎడమ వాటంతటవే వస్తాయి. కార్ఖానా బల్ల మీద గుడ్డను మడవరు. నలభై పొరలు మెరుపు పైకే ఉండేలా విప్పి పరిచి, ఒకేసారి కోస్తారు. అక్కడ చేతుల అట్టను ఒకసారి పెట్టి గీశాక, రెండోసారి బోర్లించి గీయాలి. మా ఆయన బోర్లించలేదు. ఒకేలా రెండుసార్లు గీసి, పెద్దాయన మెచ్చుకోలుగా చూస్తుండగా, మిషన్ కత్తితో గర్రుమని కోసేశారు.

మర్నాడు పదింటికి మిషన్ల వరసలో చివరి టైలర్ లేచి నిలబడ్డాడు. "మాస్టర్ గారూ, ఎడమ చేతులొచ్చాయి. కుడివి పంపుతారా?"

మా ఆయన కట్ట విప్పారు. ఇంకో కట్ట విప్పారు. టైలర్లంతా బల్ల చుట్టూ మూగారు. ఎనభై చేతులు. ఎనభై ఎడమ చేతులే. తిప్పి కుడతామంటే మొద్దువైపు పైకి వస్తుంది. గుండీలక్క నా పక్కనుంచి గట్టిగానే అంది, "భక్తులు కుడిచెయ్యి దేవుడికి ఇచ్చేశారేమోలే!" ఒకళ్ళిద్దరు కిసుక్కుమన్నారు. పెద్దాయన నవ్వలేదు. గుడ్డ ఇంకొంచెం అడిగితే మందిరం వాళ్ళ ముందు పరువు పోతుంది, అడగకపోతే అంగీలు లేవు. మా ఆయన ముఖం పాలిపోయి ఉంది. పన్నెండేళ్ళలో ఆయన మాటలు వెతుక్కోవడం నేను మొదటిసారి చూశాను.

నేను ఎప్పుడు లేచానో నాకు గుర్తులేదు. ఒళ్ళో ఉన్న చొక్కా చాపమీద పడేసి వెళ్ళి, బల్ల మీద ఒక చెయ్యిని పరిచాను. సుద్ద తీసుకున్నాను. ఎక్కువైన నలభై ఎడమ చేతుల్లోనే కుడి చేతులున్నాయి, బయటికి తీయాలి, అంతే. వెనక వదులుగా ఉన్న చోట లోతు తీసి దాన్ని ముందు చేశాను. లోతుగా ఉన్న చోట తక్కువైన గుడ్డకు, మిగిలిన పీలికల్లోంచి మూడుకోణాల ముక్క కోసి చంకకింద అతికితే సరిపోతుంది. ఆ అతుకు చెయ్యి ఎత్తినా కనిపించదు. ఎడమవైపు కూడా అలాంటి ముక్కే వేస్తే రెండూ ఒకేలా ఉంటాయి, చేతులెత్తి ప్రార్థన చేసేటప్పుడు పట్టకుండా ఉంటుంది. ఇది నాన్న చూపించిన ఉపాయం. పొరపాటున కోసినదాన్ని సరిచేయడం నేర్చుకున్నాకే మాస్టర్ అవుతావు అనేవారు.

నేను తల ఎత్తేసరికి మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. నేను నిలబడి ఉన్నాను. బల్ల నా నడుము ఎత్తున ఉంది. వెలుతురు నా చేతుల మీద పడుతోంది. అంత గందరగోళంలోనూ నా నడుంనొప్పి లేదన్న సంగతి నాకు తెలుస్తూనే ఉంది, ఏడుపొచ్చింది. టైలర్ మొదటి కుడిచెయ్యి కుట్టి తెచ్చి, బట్టలు సరిచూసే బొమ్మకు తొడిగాడు. పెద్దాయన బొమ్మ చుట్టూ తిరిగి చూసి, చంకలో వేలు పెట్టి చూసి, నా వైపు తిరిగారు.

"ఎవరు నేర్పారమ్మా నీకు?"

మా ఆయన నేల చూస్తున్నారు. ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి. నాన్న పేరు నా నాలుక మీద ఉంది. పన్నెండేళ్ళుగా బయట పలకని పేరు. "మా ఆయనే నేర్పారండీ" అన్నాను.

ఊపిరి పీల్చుకున్నట్టయింది అందరికీ. "అదీ మరి! తొందరలో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది" అన్నారెవరో. మా ఆయన కళ్ళెత్తి నన్ను చూశారు. ఆ చూపులో కృతజ్ఞత ఉంది, కాదనను. సాయంత్రం దారిలో నా సంచి ఆయనే పట్టుకున్నారు. ఇంటికి రాగానే అత్తయ్యకు కథంతా చెప్పారు. నేను గుమ్మంలో పాప జడ విప్పుతూ వింటున్నాను. చెప్పగా చెప్పగా కథ మారింది. "నేను చూపించిందే కదమ్మా. కాకపోతే టైముకి బుర్ర పెట్టింది" అన్నారు. అత్తయ్య మురిసిపోయింది. "పెళ్ళానికి ఇంత విద్య నేర్పిన మగాడు ఏడీ ఈ రోజుల్లో!"

నేను దువ్వెన పక్కన పెట్టాను. "మీరు నాకు ఏం నేర్పారు?" అన్నాను. వెటకారంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాను.

ఆయన నా వైపు విచిత్రంగా చూశారు. "అదేం ప్రశ్న? నువ్వే చెప్పావుగా, అందరి ముందూ" అన్నారు. ఆయన అబద్ధం ఆడటం లేదు, నమ్ముతున్నారు. నేను అన్న మాటనే పట్టుకుని ఆయన దాంట్లో ఇల్లు కట్టేసుకున్నారు. నాన్న పోయారని తెలిసిన రోజు కూడా నాకు అంత దిక్కులేనట్టు అనిపించలేదు. ఆరోజు నాన్న ఒక్కరే పోయారు. ఇప్పుడు వార్తాపత్రికలూ, తెరా, నా చెయ్యి పట్టి తిప్పిన ఆ చెయ్యీ, బుల్లి మాస్టర్ అన్న పిలుపూ అన్నీ పోతున్నాయి, పోగొడుతున్నది నేనే.

మూడురోజుల్లో నలభై అంగీలూ అయ్యాయి. నాలుగో రోజు పెద్దాయన మా ఇద్దరినీ గదిలోకి పిలిచారు. కుర్చీ చూపించారు. కార్ఖానాలో కుర్చీ మీద కూర్చోవడం నాకు అదే మొదలు. "చూడమ్మా, నేను కళ్ళున్నవాణ్ణే" అన్నారు. "కొలతలు ఆయనవి, కోత నీది. బల్ల నీకిస్తాను. నెల జీతం, రిజిస్టర్లో నీ పేరు, మాస్టర్ అనే రాస్తాను. ఆడమనిషి ఏంటని మందిరం వాళ్ళు అడుగుతారు. మన మతం పిల్ల, భర్త దగ్గర పని నేర్చుకుంది, మంచి కుటుంబం అని నేను సర్దిచెప్పుకుంటాను." మా ఆయనతో, "నీకేం అభ్యంతరం లేదుగా?" అన్నారు.

"నాకెందుకుంటుందండీ? మా ఆవిడ నా చెయ్యే కదా" అన్నారు మా ఆయన. నవ్వారు కూడా. నిజంగానే సంతోషించారు.

పెద్దాయన ఒక కాగితం నా ముందుకు జరిపారు. అంగీలతో పాటు మందిరానికి వెళ్ళే కాగితం, కోసిన మాస్టర్ వివరాలు నింపాలి. గది అద్దాల కిటికీలోంచి నాకు బల్ల కనిపిస్తోంది. దాని మీద ఇంకా ఏమీ పరచలేదు. పెన్ను తీసుకుని పైన మాస్టర్ అన్నచోట నా పేరు రాశాను. పెళ్ళికి మార్చుకున్న పేరే రాశాను, పన్నెండేళ్ళుగా అదీ నాదే, పాపకు నేను అమ్మనైంది ఆ పేరుతోనే. దాని కింద వరసలో 'తండ్రి / భర్త పేరు' అని ఉంది. పక్కన చిన్న అక్షరాలతో, 'వర్తించనిది కొట్టివేయండి.'

'భర్త' అన్న మాట మీద గీత గీశాను. నాన్న పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశాను. చివరి అక్షరం దగ్గర ఆగి, ఒకసారి మొత్తం చదువుకుని, కాగితాన్ని వెనక్కి జరిపాను.

మా ఆయన నా భుజం మీదుగా వంగి చూశారు. "పిచ్చి పట్టిందా నీకు?" అన్నారు, పెదవి కదలకుండా.

పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. తీసి, తుడిచి, మళ్ళీ చదివారు. "నది అవతల మాస్టర్... ఆయనా?"

"ఆయన కూతుర్నండీ. నాకు పని నేర్పింది ఆయనే. ఆరోజు మీకు అబద్ధం చెప్పాను."

పెద్దాయన గొంతులో కోపం లేదు, ఎదుటివాళ్ళ మేలు కోరేవాళ్ళ గొంతే అది. "ఇంకో కాగితం ఇస్తాను, ఇది చింపేద్దాం. ఈ పేరుతో పంపితే బల్ల సంగతి అటుంచు, అంగీలే వెనక్కొస్తాయి. ఇలాంటి చేతి కోత వాళ్ళు ఒంటిమీద వేసుకుంటారనుకున్నావా తల్లీ?"

"పన్నెండేళ్ళుగా వేసుకుంటున్నారండీ" అన్నాను. "ప్రార్థనలో ఎవరికీ ఎక్కడా పట్టేయలేదు."